ధరణి తెర మీద వంకాయ రంగు

పెనుకొండ బస్టాండు వెనక, జిరాక్సు అంగడి పైనున్న ఒంటిగదిలో ధరణి వీడియోలకు రంగులు సరిచేస్తుంది. దాని తల్లి ఈశ్వరి ధర్మవరంలో నా రంగుల కొట్టంలో ఇరవై ఏళ్లు పనిచేసింది. పిల్ల నా కాగుల పక్కనే పెరిగింది. నా చదువు మూడో తరగతితో ఆగింది గానీ, పట్టుకు రంగు వేయడంలో నన్ను తప్పుపట్టినవాడు లేడు. ఆ పిల్ల పని గురించి నేను కాక ఇంకెవరు రాస్తారు?

ఆ గదిలో విలువైనది ఒక్కటే, మానిటర్. హిందూపురంలో మూతబడిన కేబుల్ చానల్ వాళ్ల దగ్గర కొనింది. "టీవీ మాదిరి మెరిపించదవ్వా, ఉండేది ఉండేట్టు చూపిస్తాది" అంది. అలాంటి మనుషులే తక్కువ, వస్తువైనా ఉండనీ అనుకున్నాను.

ఆ పొద్దు మగ్గాల చంద్రప్ప పన్నెండుకు వస్తానన్నాడు. అతని పట్టుకు రంగు వేసేది నేనే. వీడియో చూసి బెంగళూరు అంగళ్లవాళ్లు అతని చీరలు తెప్పించుకుంటారు. పోయినసారి ఇంకెవరో చేసిన వీడియోలో వంకాయ రంగు ఇటుక రంగుగా కనబడి, వచ్చిన చీరలు వేరుగా ఉన్నాయని అన్నీ వెనక్కి పంపారు. ఈసారీ తేడా వస్తే ధరణి గడప తొక్కనని చెప్పేశాడు. అతను తొక్కకపోతే ధర్మవరం నుంచి ఇంకెవరూ తొక్కరు.

నేను మెట్లెక్కేసరికి పదకొండు దాటింది. చీర బల్ల మీద ఉంది, తెర మీదా ఉంది. రెండూ ఒకటి కావు.

"ఏమే, ఇది వంకాయా, ఉడకబెట్టిన వంకాయా?"

"నిన్న సరిగ్గానే ఉన్నిందవ్వా. పొద్దున్నించీ సరిచేస్తానే ఉండా. ముదురు చేస్తే అంచు చెడిపోతాది, అంచు చూస్తే..." ఫోను మోగింది. చంద్రప్ప బస్సు దిగాడట.

మా కొట్టంలో రంగు తేడా పడితే వెంటనే ఇంకొంత రంగు పోయం. ముందు ఒక తెల్ల పట్టుపోగును ఉత్త నీళ్లలో ముంచి, ఎండలో చూస్తాం. పోగు మాసిందంటే తప్పు రంగుది కాదు, నీళ్లది.

"తెల్లపోగు ముంచినావా?" అన్నాను.

ధరణి చెయ్యి ఆగింది. చీర తీసేసి, రంగు పట్టీల బొమ్మ ఒకటి తెర మీద వేసింది. అందులో కాటుకలా ఉండాల్సిన నలుపు బూడిదలా ఉంది.

"తప్పు చీరది కాదవ్వా, బొమ్మ వచ్చే దావది!" మానిటర్ వెనక్కి తిరిగింది. "బొమ్మ తెచ్చేది రోజూ ఎస్‌డీఐ వైరు. పొద్దున చూస్తే ఎలుక కొరికి పెట్టింది. ఇంకో వైరు తీసి హెచ్‌డీఎంఐలో పెడితి. ఒక్కో దావకు సెట్టింగు వేరే. కంప్యూటరు పదహారును నలుపని పంపిస్తాంటే, ఈ తెర సున్నానే నలుపనుకుంటాండాది. నలుపు బూడిద కాక ఏమైతాది?"

"నిన్న చేసింది ఉండాదా?"

"ఉండాది. పొద్దున చేసిందంతా పారేయాల."

"పారెయ్."

మెట్ల మీద చెప్పుల చప్పుడు. ధరణి సెట్టింగు మార్చింది. నలుపు నలుపైంది. నిన్నటి చీరను తెర మీద వేసేసరికి చంద్రప్ప గుమ్మంలో ఉన్నాడు.

"నువ్వూ ఉండావా పెద్దమ్మా? సాక్ష్యానికా?"

"నీ కళ్లకు సాయానికప్పా."

చంద్రప్ప నవ్వలేదు. కిటికీ దగ్గర చీర పట్టుకుని, తెరనూ చీరనూ మార్చి మార్చి చూశాడు. కొంగు బాగుంది, అంచు బాగుంది. ఇంతలో వేలు తెర మీద ఆగింది.

"కుచ్చిళ్ల కాడ ఎర్రగా కొడతాండాదే. మళ్లీ అదే కథా?"

ధరణి సరిచేస్తానంటే సరిపోయేది. అనలేదు.

"తెర తప్పు కాదు మామా. నలుపు చూసే చెప్తాండా. చీర మడత విప్పి కుచ్చిళ్ల కాడ చూడు."

విప్పాడు. జానెడు మేర, వెలుతురులో, వంకాయ నిజంగానే ఎరుపెక్కి ఉంది. రెండో కాగులో రంగు వేసిన పట్టు మొదలైన చోటది. ఆ కాగు దించింది నేనే. అవతల ఎవరో పిలిస్తే ఒక్క నిమిషం ఆలస్యంగా దించాను. అప్పుడు తేడా లేదనుకున్నాను.

చంద్రప్ప నా వైపు చూశాడు. "నీ రంగని చూడకుండానే నేస్తి పెద్దమ్మా."

అతను చీర మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "దీన్ని అమ్మేది లేదు. మిగతావి సోమవారం తెస్తా ధరణీ. ఈ తెర మీద చూసినాకే పంపుదాం" అని మెట్లు దిగాడు.

ధరణి నా ముఖం చూడకుండా అడిగింది. "వీడియోలో ఆ ఎర్ర ముక్క చెరిపేద్దునా అవ్వా?"

"ఉంచు" అన్నాను. "రేపు కొట్టంలో వాళ్లకు చూపించాల."