అక్క చెట్టుకు నేను చేసిన మేలు

అసూయపడటానికి పెద్ద కారణాలేవీ అక్కర్లేని వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నాకు ఇరవై ఏడేళ్ళు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో సొంత ఇల్లు, కార్ల సీట్లు డిజైన్ చేసే ఉద్యోగం, వెనక పెరట్లో ఒక చిన్న ఆపిల్ చెట్టు, అన్నీ ఉన్నాయి. నా కంట్లో నలుసల్లా రెండు వీధుల అవతల, నేను అక్కా అని పిలిచే మా తోడికోడలి పెరట్లో ఉన్న ఆపిల్ చెట్టే. అన్నదమ్ములిద్దరూ ఒకే రోజు ఒకే నర్సరీ నుంచి తెచ్చి నాటిన చెట్లవి. ఆ ఏడు రెండూ మొదటిసారి కాపుకొచ్చాయి. ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చిన మా అత్తగారు (నెల వాళ్ళింట్లో, నెల మా ఇంట్లో) పెద్దకోడలి చెట్టు కింద నిలబడి కాకినాడలోని చెల్లెలికి వీడియో తీసి పంపారు. "చూశావుటే, గుత్తికి అయిదేసి కాయలు! మా పెద్దమ్మాయి చెయ్యి అలాంటిది." ఆ వీడియో ఫ్యామిలీ గ్రూప్‌లోకీ వచ్చింది. ఆ సాయంత్రమే మా చెట్టు కాయలు లెక్కపెట్టాను. తొంభై నాలుగు. అక్కకి ఫోన్ చేసి మాటల్లో మాటగా అడిగితే, "నూటపది ఉన్నాయే, పిల్లలు లెక్కపెట్టారు" అంది.

జూన్ మొదట్లో వాళ్ళంతా నయాగరా చూడ్డానికి వెళ్తూ మొక్కలకి నీళ్ళు పొయ్యమన్నారు. నీళ్ళు పొయ్యడానికే వెళ్ళాను, నిజం. కానీ చెట్టు ముందు నిలబడేసరికి లెక్కలు మొదలయ్యాయి. పదహారు తెంపితే సమానం, పదిహేడు తెంపితే నేనే గొప్ప. ఆ తర్వాత చెయ్యి ఆగలేదు. గుత్తికి ఒక్కటి మాత్రం వదిలాను (బోడి చేస్తే తెలిసిపోతుందని, అంతేగాని దయతో కాదు). గోళీలంత కాయలతో నా లంచ్ బ్యాగ్ నిండింది. పక్కింటి తెల్ల తాతగారు కంచె మీంచి చెయ్యి ఊపారు. నేనూ ఊపాను, చేతిలోని కాయతో సహా.

ఆదివారం అక్క ఫోన్ చేసింది. "చెట్టు దగ్గర ఏం చేశావే నువ్వు?"

ఉడతలని చెబుదామని నోరు తెరిచేలోగా తనే అందుకుంది. "పక్కింటాయన అంతా చెప్పాడులే. చిన్న చెట్టుకి అన్ని కాయలుంచకూడదట, గుత్తికొకటి ఉంచి తీసెయ్యాలట. కాయ పడ్డప్పట్నుంచీ చెబుతున్నాడు, నాకే చేతులు రాలేదు. నువ్వు పర్‌ఫెక్ట్‌గా చేశావట. థాంక్సే!"

"అయ్యో, దాందేముంది అక్కా" అన్నాను.

అంతా విన్నదాన్ని మా చెట్టుకీ ఆ పని చెయ్యాలా వద్దా? చెయ్యలేదు. మా తొంభై నాలుగు ఎక్కడ, వాళ్ళ చెట్టుకి మిగిలిన ఇరవై రెండు ఎక్కడ! ఆగస్టులో నేను ఆఫీస్‌లో మీటింగ్‌లో ఉండగా గ్రూప్‌లో మా ఆయన పెట్టిన ఫొటో వచ్చింది. బరువుకి పెద్దకొమ్మ మొదలంటా చీలి గడ్డిలో పడి ఉంది. మిగిలిన కాయలు నిమ్మకాయంతయి అక్కడే ఆగిపోయాయి.

సెప్టెంబరులో అక్క బుట్టతో వచ్చింది. ఒక్కో ఆపిల్ గుప్పిట్లో పట్టడం లేదు. "మొదటివి నీకే, అంతా నీ చలవే" అంది. "చిన్నమ్మాయికి చెట్ల సంగతి ఎంత తెలుసో!" అన్నారు అత్తగారు. అన్నాళ్ళుగా ఎదురుచూసిన మెప్పు, తీరా వచ్చాక రుచించలేదు. ఆవిడ అటు వెళ్ళగానే కక్కేశాను. "అక్కా, నేను మేలు చెయ్యాలని తెంపలేదు. నీకు నాకన్నా పదహారు ఎక్కువున్నాయని తెంపాను."

ముక్కలు కోస్తున్న అక్క చాకు కింద పెట్టి నా వంక చూసింది. "మీ కొమ్మ విరిగిన ఫొటో చూసి, అయ్యో పాపం అని మెసేజ్ పెట్టి, ఆ పూట పాయసం చేసుకున్నానే" అంది మెల్లగా. "నీ కిచెన్ నా కిచెన్ కన్నా పెద్దదని మూణ్ణెల్లు నిద్రపట్టలేదు, తెలుసా?" ఇద్దరం కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. ఏం జరిగిందో అత్తగారికి ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు ప్రతి జూన్‌లోనూ అక్క మా చెట్టు కాయలు తెంపుతుంది, నేను వాళ్ళవి. సొంత చెట్టయితే ఒక్క కాయకీ ప్రాణం ఒప్పదు, ఎదుటివాళ్ళదైతే చెయ్యి ఎంత చురుగ్గా ఆడుతుందో! అప్పటి నన్ను తలుచుకుంటే సిగ్గుతోపాటు కాస్త ముచ్చట కూడా వేస్తుంది. అంత చిన్న విషయానికి అంత మనస్ఫూర్తిగా కుళ్ళుకోవడం ఇప్పుడు నా వల్ల కాదు.