ముందల ‘అయ్యో’ పెట్టున్రి

ఈ ఉదయం పాత దిండు విప్పి దూది ఎండబెడుతుంటే ఒక పింజ లేచి వచ్చి నా పై పెదవి మీద, సరిగ్గా చీలిక దగ్గర వాలింది. ఊదబోయి ఆగాను. నవ్వొచ్చింది. దూదికీ నా పెదవికీ చాలా పాత స్నేహం. ఆ స్నేహం కుదిర్చింది గద్వాలలో మా పేట బడి పంతులమ్మ, సంతోషమ్మ గారు.

నేను గ్రహణం మొర్రితో పుట్టాను. కడుపుతో ఉండి గ్రహణం వేళ మా అమ్మ కత్తిపీట ముట్టిందని నాయనమ్మ తీర్పు. అప్పటికే మాది క్రైస్తవ కుటుంబం. దేవుణ్ణి మార్చుకున్నాం గానీ గ్రహణాన్ని మాత్రం భద్రంగా ఉంచుకున్నాం! ప్రార్థన గుడిలో ఉపదేశి ఇంకో అడుగు ముందుకేశాడు. “గ్రహణం గాదమ్మా, దాచిన పాపమేదో ఉంది. దేవుడు న్యాయవంతుడు, ఉత్తగనే శిక్షిస్తడా?” అనేవాడు. వినీ వినీ అమ్మ తల వంచుకుని నడవడం అలవాటు చేసుకుంది.

నాకేమో ‘ప’ పలికేది కాదు. గాలి చీలికలోంచి జారిపోయేది. సంతోషమ్మ గారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, అరచేతిలో దూది పింజ పెట్టుకుని, నా పెదవిని వేలితో దగ్గరికి నొక్కి, “పా అను. దూది ఎగరాలె” అనేవారు. ఎగిరేది కాదు. “మల్ల అను. ఏడిస్తే ఎగుర్తదా ఏంది?” ఆవిడ తిట్లు ముద్దుగా ఉండేవని అబద్ధం చెప్పను. చుర్రుమనేవి. అయినా మర్నాడు మళ్ళీ పోయేదాన్ని.

ఆ ఏడు నాకొక చెల్లెలు పుట్టి, పురిట్లోనే పోయింది. ఇక నాయనమ్మ పట్టుబట్టింది. ఆదివారం సంఘం ముందు అమ్మ తన పాపం ఒప్పుకోవాలి, లేదంటే రాజోలిలో పుట్టింటికి పోవాలి, నాయనకు మరో పెళ్ళి చేస్తానంది. ముందు రోజంతా అమ్మ తన పాపమేమిటో వెతుక్కుంది. ఏదీ దొరకలేదు. చివరికి చేయని కత్తిపీట తప్పే ఒప్పుకుందామని గుడిలో లేచి నిలబడింది.

ఆడవాళ్ళ వరసలోంచి సంతోషమ్మ గారూ లేచారు. “కూసో చెల్లె,” అన్నారు. “అయ్యా, బైబిల్ల ఏ తప్పు చెయ్యని యోబుకు కష్టమొస్తే దోస్తులొచ్చిన్రు. నోరు మూసుకొని కూసున్నన్ని దినాలు మంచిగనే ఉండ్రి. నోరు తెర్సి నీ పాపమే అన్నంకనే అంతా ఖరాబ్ చేసిన్రు. గత్తర రోగంల నా మొగుడు పాయె, నా కొడుకులు పాయె. నన్నెవరూ పాపం ఒప్పుకొమ్మనలే. ఈమెనే ఎందుకు నిలబెట్టిన్రు?”

ఉపదేశి తడబడ్డాడు. “పాపం లేంది బాధెట్లొస్తదమ్మా?”

“నాకు తెల్వదు. నేను గూడ దేవుణ్ణి రోజూ అడుగుతున్న. ఆయన ఒక్కనాడు నా మీద కోపం చెయ్యలే. మీరు పాపం అన్న మాట సగమే అంటున్నరు. ముందల ‘అయ్యో’ పెట్టున్రి.”

మగవాళ్ళ వైపు నుంచి ఎవరో “అయ్యో, పాపం” అన్నారు. చూస్తే మా నాయన! ఏడుస్తున్నాడు. నాయనమ్మ ఆ మాట అనలేదు గానీ, మళ్ళీ ఎన్నడూ రాజోలి ఊసెత్తలేదు. ఆ రోజు అమ్మ తలెత్తుకుని ఇంటికి నడిచింది. తర్వాత ఎందరివో ప్రసంగాలు విన్నాను. బాధకు కారణం చెప్పలేకపోవడం అవిశ్వాసం కాదనీ, తెలియని కారణాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దడమే తప్పనీ అంత సూటిగా చెప్పినవాళ్ళను మాత్రం చూడలేదు. ఆమె మా పంతులమ్మ అని చెప్పుకోవడం నాకెప్పుడూ గొప్పే.

కొన్నేళ్ళకు నేను అదే బడిలో పంతులమ్మనయ్యాను. అయినా ‘ప’ పలకాలంటే ఇంకా పెదవికి వేలు అడ్డం పెట్టి నొక్కుకునేదాన్ని. అప్పటికి సంతోషమ్మ గారికి చూపు పోయింది. ఒక ఆదివారం చెయ్యి పట్టుకుని గుడికి తీసుకుపోతుంటే, గుమ్మం దగ్గర ఎవరో గుసగుసలాడారు. “అంత భక్తురాలు! ఏం పాపం చేసిందో, కండ్లు పాయె.”

నాకు ఒళ్ళు మండింది. గిర్రున తిరిగి, పెదవికి వేలు అడ్డం పెట్టుకోకుండానే, గుడంతా వినబడేలా అన్నాను. “పాపమా? ముందల ‘అయ్యో’ పెట్టున్రి!”

సంతోషమ్మ గారు ఠక్కున ఆగిపోయారు. వెలుగు లేని కళ్ళు నా వైపు తిప్పి, ముఖమంతా నవ్వు చేసుకున్నారు.

“ఎగిరిందే బిడ్డా, దూది!”

ఈనాటికీ ఎవరింట కష్టం విన్నా నా నోట ముందు ‘అయ్యో’ వస్తుంది. ఆ తర్వాతి అక్షరం, గర్వంగానే చెబుతున్నాను, దూది ఎగిరేలా పలుకుతుంది.