జవాబు చెప్పని అన్నయ్య

మా అన్నయ్య ఎస్కిల్ పోయి ఈ ఫిబ్రవరికి ఏడాది. నలభై నాలుగేళ్లకే, బస్సు డిపోలో కాఫీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడు. పేపర్లో వేయించిన ప్రకటనలో డ్రైవరు అని మాత్రమే ఉంది. ఎనిమిదేళ్లు విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పాడని కూడా వేయిద్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "పట్టా లేనివాడు పాఠం చెప్పాడంటే నవ్వుతారే," అంది. అందుకే ఇది రాస్తున్నాను.

అన్నయ్య అక్కడ విద్యార్థే. ప్రొఫెసర్ పెద్ద హాల్లో ఉపన్యాసం ఇచ్చి వెళ్లిపోతే, చిన్న గదుల్లో ఆ పాఠాన్ని బుర్రకెక్కించే పని పై తరగతుల వాళ్లది. అన్నయ్య కంప్యూటర్ సైన్సు మొదటి ఏడాది పిల్లలకు డేటా స్ట్రక్చర్లు చెప్పేవాడు. నేనూ ఆ గదిలో కూర్చున్నదాన్నే. అన్నయ్య ఎవరికీ జవాబు చెప్పేవాడు కాదు. ప్రశ్న అడిగి, రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని ఆగేవాడు. ఎంతసేపైనా సరే.

"చెప్పేయ్ ఎస్కిల్, నీకు పుణ్యముంటుంది. కాంటీన్ మూసేస్తారు," అని మొత్తుకునేవాడు మాల్తె అనే కుర్రాడు.

"మూస్తే నా రొట్టె ఇస్తాలే. ఈ లూపు ఎక్కడ ఆగుతుంది?"

"ఆగదు."

"ఎందుకని?"

"నీలాగే మొండిది కనక!"

గదంతా నవ్వేది. అన్నయ్యా నవ్వి, మళ్లీ చేతులు కట్టుకునేవాడు. కాసేపటికి మాల్తె ఉలిక్కిపడి సుద్దముక్క అందుకునేవాడు. ఆ క్షణం కోసమే అన్నయ్య బతికేవాడనిపించేది.

వాళ్ల హోంవర్కులు దిద్దడంలో పడి తన చదువు వెనకబెట్టాడు. ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేసులు, కంపైలర్లు ఎలాగో గట్టెక్కాయి. అల్గారిథమ్స్ ఒక్కటి మిగిలింది. ఏ పరీక్షకైనా మూడే అవకాశాలు. మొదటిసారి తన విద్యార్థుల పరీక్ష కూడా అదే రోజు పడితే వాళ్ల దగ్గర ఉండిపోయాడు; రాయకపోయినా అదొక అవకాశం కిందే లెక్క. రెండోసారి భయంతో తప్పాడు. మూడోసారీ తప్పితే పేరు కొట్టేస్తారు. పేరు లేనివాడికి ఆ గదిలో సుద్దముక్క పట్టే హక్కు కూడా ఉండదు.

మూడో పరీక్ష జూన్‌లో, ఉదయం పది గంటలకు. నోటి పరీక్ష ఎవరైనా కూర్చుని చూడొచ్చు కనక నేను వెనక బెంచీలో కూర్చున్నాను. పాసవగానే పండగ చేద్దామని అమ్మ బయట వరండాలో కేకు, కాగితపు జెండాలు పట్టుకుని నిలబడింది. టేబుల్ మీద బోర్లించిన చీటీల్లోంచి అన్నయ్య ఒకటి తీశాడు. అతి తక్కువ దూరపు దారి కనుక్కోవడం. నాకు ప్రాణం లేచొచ్చింది. మా వంటింట్లో ఉప్పుడబ్బా, కప్పులు ఊళ్లుగా పేర్చి నాకు నేర్పిన పాఠం అది.

బోర్డు మీద ఊళ్లు గీశాడు, దారులు గీశాడు, ఒక్కో అడుగూ చక్కగా వివరించాడు. ప్రొఫెసర్ హోల్గర్ తల ఊపుతున్నాడు. బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు రాసుకుంటోంది. అప్పుడు అన్నయ్య ఒక దారి దూరాన్ని తుడిచి, అక్కడ సున్నా కంటే తక్కువ అంకె వేసి, వాళ్ల వైపు తిరిగాడు.

"ఇప్పుడీ పద్ధతి పనిచేస్తుందా?"

రెండడుగులు వెనక్కి వేసి చేతులు కట్టుకున్నాడు.

పరీక్షకురాలు హోల్గర్ వైపు చూసింది. ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. అన్నయ్య ముఖంలో ఆ పాత ఓపికే. నాకు అరవాలనిపించింది. చూసేవాళ్లు నోరెత్తకూడదు.

"ఎస్కిల్, అది నువ్వు చెప్పాలి," అన్నాడు హోల్గర్ మెల్లగా.

అన్నయ్య తాను ఎక్కడ ఉన్నాడో అప్పుడు చూసుకున్నాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. ఏదో మొదలుపెట్టి ఆపేశాడు, తుడిచాడు, మళ్లీ గీశాడు. పరీక్షకురాలు వరసగా మూడు ప్రశ్నలు వేసింది. ఒక్కదానికీ నోరు పెగల్లేదు. పరీక్షకిచ్చిన ఇరవై నిమిషాలూ అయిపోయాయి.

వరండాలోకి రాగానే అమ్మ జెండా ఊపింది. "లోపల పెట్టెయ్ అమ్మా," అన్నాడు. కాసేపటికి లోపలికి పిలిచి ఫలితం చెప్పారు. తప్పాడు.

బస్సు స్టాపు దగ్గర ఉండబట్టలేక అన్నాను. "నీకు తెలుసు కదరా అన్నయ్యా! నాకు నేర్పింది నువ్వేగా!"

"తెలుసే గ్రూ. ఎనిమిదేళ్లు చెప్పకుండా ఉండడం అలవాటు చేసుకున్నాను. ఇవాళ చెబుదామంటే రాలేదు."

సెప్టెంబర్‌లో ఆ గదిలో పాఠం చెప్పే పని నాకిచ్చారు. ఆ మాట చెబితే, "మంచిది. మాల్తె తమ్ముడు చేరుతున్నాడట, వాడు ఇంకా మొండి," అని నవ్వాడు. ఆ తర్వాత ఆ తరగతి ఎలా సాగుతోందని ఒక్కసారీ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ చలికాలమే బస్సు లైసెన్సు తీసుకున్నాడు.

అంత్యక్రియలయ్యాక డిపోకి వెళ్లి అన్నయ్య కోటు తెచ్చుకున్నాను. దాన్ని మడిచి ఇస్తూ తోటి డ్రైవరు ప్రేబెన్ అన్నాడు: "ఏ రూటు వేసినా కిక్కురుమనేవాడు కాదమ్మా. విశ్వవిద్యాలయం మీదుగా పోయేదొక్కటే వద్దనేవాడు. ఎందుకయ్యా అంటే, ఆ దారిలో ఎత్తు ఎక్కువ, బండి లాగదు అనేవాడు."

ఆ దారి పొడుగునా ఎక్కడా ఎత్తు లేదు.