మాస్టారి దగ్గు

నందిగామ నుంచి రోజూ మోపెడ్ మీద గరికపాడు దగ్గరి బడికి వచ్చే కృపారావు మాస్టారికి ఓ దగ్గు ఉంది. హైవే మీద లారీల దుమ్మండీ అంటాడు. కానీ అది బెంచీల మధ్య తిరిగేటప్పుడు, ఎవరి నోట్సులోనైనా తప్పు లెక్క కనబడితేనే వస్తుంది. చేతులు వెనక్కి కట్టుకుని, కొంగలా మెడ చాచి, చిన్నగా దగ్గుతాడు. వెంటనే అక్కడ రబ్బరు బయటికొస్తుంది. లెక్క ఒప్పైతే కూనిరాగం తీసుకుంటూ ముందుకెళ్తాడు.

ఈ ఏడు ఆయన తీసివేతల మీద యాక్షన్ రీసెర్చ్ చేశాడు. చింతగింజలతో పాఠం చెప్పి, పిల్లలు ఎంత మెరుగయ్యారో పరీక్ష పెట్టి చూడటం. పై ఆఫీసుకి పంపే ఫారంలో 'పరిశోధకుడి విలువలు' అన్న గడిలో 'నిజాయితీ' అని రాసి, కింద గీత కూడా గీశాడు. ముప్పై మందిలో ఇరవై తొమ్మిది మంది పాసయ్యారు. మాస్టారు పొంగిపోయాడు. మర్నాడు ఆయన ట్రైనింగుకి వెళ్తే, అలాంటి పరీక్షే గ్రేసీ టీచర్ పెట్టింది. పదకొండు మందే పాసయ్యారు.

"ఏమ్మా, ఒక్కరోజులో మర్చిపోయారా?" అని తిరిగొచ్చాక మాస్టారు కిటికీ పక్కన కూర్చునే మెర్లిన్‌ని అడిగాడు.

"లేదు సార్. టీచర్ అసలు దగ్గలేదు," అంది ఆ పిల్ల.

మాస్టారు ఫారం మళ్లీ ముందేసుకుని కూర్చున్నాడు.

"ఇరవై తొమ్మిదే పంపండి కృపారావుగారూ, ఎవరు చూడొచ్చారు?" అంది గ్రేసీ టీచర్.

ఆయన పదకొండే రాశాడు. కారణం: నా దగ్గు.

సోమవారం మళ్లీ పరీక్ష. ఈసారి దగ్గు రాకుండా బుగ్గలో లవంగం పెట్టుకున్నాడు. మెర్లిన్ నోట్సులో తప్పు కనబడింది. పళ్లు బిగించాడు. లవంగం పటుక్కుమంది.

మెర్లిన్ రబ్బరు తీసింది.