టైలరు బావ, చేపనూనె

మా బావ కుట్టిన చొక్కాను ఎన్నేళ్ళకైనా వదులు చేయించుకోవచ్చు. కుట్టు లోపల ఎప్పుడూ కాస్త ఎక్కువ గుడ్డ మడిచి ఉంచుతాడు. "మనుషులు లావవుతారు గానీ సన్నబడతారా?" అంటాడు. ఆయన దుకాణంలో కాజాలు, గుండీలు నావి. ఇస్త్రీ మా అక్కది. ముగ్గురికీ కలిపి ఒకటే ఫ్యాను, దాని మొహం మాత్రం ఎప్పుడూ బావ వైపే.

గుండెకు స్టెంటు వేసినప్పటి నుంచి ఆయన రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నాడు. ఆ మధ్య కోటు కుట్టించుకోవడానికి వచ్చిన లెక్చరరు ఒకాయన, చేపనూనె గుండెకు మంచిదని చెప్పి పోయాడు. మర్నాటికల్లా మిషను పక్కన క్యాప్సూల్స్ సీసా వెలిసింది. రోజుకొకటి అని దాని మీద రాసే ఉంది. ఆ ఒకటి బావకు ఏ మూలకు? పొద్దున రెండు, రాత్రి రెండు మింగడం మొదలుపెట్టాడు.

"ఎక్కువైతే ఏమవుద్ది? గుడ్డ వదిలినట్టే, లోపల పడి ఉంటుంది. ఎప్పటికైనా పనికొస్తుంది" అన్నాడు.

"డాక్టరుగారిని అడిగారా?" అంది అక్క.

"నూనెకి కూడా డాక్టరేంటే!" అని కొట్టిపారేశాడు.

సూది గుచ్చుకోవడం మా పనిలో మామూలే. వేలు కాసేపు అదిమి పట్టి మళ్ళీ కుట్టేస్తాం. కొన్నాళ్ళకు బావకు మాత్రం రక్తం ఓ పట్టాన ఆగడం మానేసింది. ఒక నర్సమ్మ తెల్లకోటు కాలరు మీద మరక పడింది. బావ కత్తెర బల్ల మీద పెట్టేశాడు.

"నా చెయ్యి పోయిందే. ఇక తెల్లవి ఒప్పుకోకండి" అన్నాడు.

జీవితమంతా ఆ చేతిని చూసుకుని మురిసిన మనిషి. ఎప్పుడూ ఆయన్ని ఆటపట్టించే నేను, ఆ పూట ఆ కోటు తీసుకెళ్ళి కాలరు మీది మరక ఉతికాను.

అక్కకు మాత్రం అనుమానం వచ్చింది. పళ్ళు తోముకునేటప్పుడు కూడా ఆయన చిగుళ్ళ నుంచి రక్తం రావడం చూసింది. ఇంట్లో ఉన్న మందులన్నీ, చేపనూనె సీసాతో సహా, సంచిలో వేసుకుని ఆయన్ని ఆస్పత్రికి లాక్కుపోయింది. నేనూ తోకలా వెళ్ళాను.

డాక్టరమ్మ సీసా తిప్పి చూసింది.

"చేపనూనె చెడ్డదని కాదు. కానీ రక్తం పలచబడే మాత్ర వేసుకుంటూ, మమ్మల్ని అడక్కుండా ఇన్నేసి మింగితే ఎలా? ముందు ఇవి ఆపండి. అలాగని భయపడి ఆ మాత్ర మానేస్తారేమో, అది మాత్రం మానకూడదు. రక్తపరీక్ష చేద్దాం."

"ఎక్కువైంది లోపల ఊరికే పడి ఉండదాండీ?" అన్నాడు బావ అమాయకంగా.

"ఉండదండీ. దాని పని అది చేస్తూనే ఉంటుంది."

పరీక్షలో భయపడాల్సిందేమీ రాలేదు. బావ సీసా జోలికి పోలేదు. కొన్ని వారాలకు, తెల్లచొక్కాకు చేతికుట్టు వేస్తుంటే మళ్ళీ సూది దిగింది. వేలు అదిమి పట్టి, వదిలి, దానివంక అలాగే చూశాడు. తర్వాత లేచి అక్క దగ్గరికి పరిగెత్తాడు.

"ఏమేవ్, ఆగింది చూడు! నా చెయ్యి పోలేదే!"

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, ఆ వేలు పట్టుకుంది.

"చేతికేం, బంగారంలా ఉంది. ఆగనిది మీ నోరే" అంది. అంటూనే, ఆ వేలు మాత్రం చాలాసేపు వదల్లేదు.