తెంచిన పడుగు

మా చెల్లెలికి ఏదైనా అందరికంటే ఎక్కువ తగిలేది. వీధిలో ఎవరో ఎవరినో తిడితే ఇది ఇంట్లో అన్నం ముందు నుంచి లేచిపోయేది. కొత్త రవిక కుట్టు ఒరుసుకున్నా కళ్లనీళ్లు పెట్టుకునేది.

ధర్మవరంలో మాది మగ్గం ఇల్లు. చుట్టాలొచ్చి సందడి ఎక్కువైతే అమ్మ దాని మొహం చూసి, మగ్గం గదిలోకి పోయి పోగులు అతకమని పంపేది. మగ్గం మీద నిలువునా పరిచిన పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాని కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని ఆ పనిలో కూర్చుంటే, అది కాసేపటికే కుదుటపడేది. మందూ మాకూ లేకుండా అమ్మ కనిపెట్టిన వైద్యం అది.

ఆ అమ్మే పోయింది. నేను అప్పటికి హిందూపురం కోడలిని. కబురంది, చంకలో బిడ్డతో రైలు దిగి వచ్చేసరికి అమ్మను తీసుకుపోయారు. వాకిట్లో ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, పోయిన మనిషి మంచితనమంతా మాటల్లో చెప్పుకుంటూ ఏడుస్తున్నారు. వచ్చిన ప్రతి మనిషితోనూ ఇంటి ఆడపిల్ల అలా ఏడవాలి. చెల్లెలు మాత్రం గోడవారగా బొమ్మలా ఉంది.

జరిగింది పక్కింటావిడ చెప్పింది. పొద్దున జనం పెరిగేకొద్దీ ఇది లోపలికి జారుకుందట. మైల ఇంట్లో మగ్గం ముట్టరాదు. ఇదేమో కూర్చుని పోగులు అతుకుతోంది. మా మేనత్త చూసింది.

"తల్లి వాకిట్లో పండుకోనుంటే నీకు మగ్గం కావాల్సి వచ్చెనా? నీది గుండేనా, రాయా?" అంది, అందరికీ వినబడేలా.

నాయన మెత్తని మనిషి. దాన్ని ఎన్నడూ ఒక్క మాట అన్నవాడు కాదు. అయినవాళ్ల ముందు తల కొట్టేసినట్టయి, కత్తెర తీసుకుని అది అతికినంత మేరా తెంచేశాడు.

"ఆడ కూచ్చుంటే అమ్మే పంపించినట్టుండె అక్కా," అని నాతో ఒక్కసారే చెప్పింది.

కర్మలయ్యాక నాయన దాన్ని పిలిచి పడుగు ముందు కూర్చోబెట్టాడు. ఎన్నిసార్లు మెలిపెట్టినా ఒక్క పోగూ నిలవలేదు. ఇక పక్కింటివాళ్లతో చేయించాల్సి వచ్చింది. కొత్త పడుగు వచ్చినప్పుడల్లా నాయన ముందు చెల్లెలి వైపే చూసేవాడు, ఆ తర్వాతే పక్కింటికి కబురు పంపేవాడు. సందడైతే దానికి పోయేందుకు చోటు లేకపోయింది. పెరట్లో నిలబడి కొంగు మెలిపెట్టుకునేది. పెనుకొండకు ఇచ్చాం. కోడలి కొంగులన్నీ పీలికలేనని అక్కడి అత్తగారు నవ్వేది.

నాయన మంచం పట్టినప్పుడు వచ్చి ఉంది. "ఏమ్మా, రెండు పోగులు అతుకుతావా, చూస్తా," అన్నాడు.

"చేతకాదు నాయనా," అంది.

ఆయన మళ్లీ అడగలేదు. కత్తెర మాట ఇద్దరూ ఎత్తలేదు.

ఆయన పోయిన రోజు, మైల సంగతి ఎవరేమన్నా నేను చూసుకుంటానని మగ్గం గది తలుపు తీశాను. బూడిద చిప్ప పెట్టి, పీట వేసి, వచ్చి, పోయి కూర్చోమని దాని చెవిలో చెప్పాను. అది ఆ తలుపు వైపు చూడనైనా లేదు. వాకిట్లోకి పోయి, వచ్చిన ప్రతి ఆడమనిషి మెడా పట్టుకుని, గొంతు పోయేదాకా మాటలు చెప్పి ఏడ్చింది.

"బిడ్డంటే ఇట్లుండాల," అంది మేనత్త, దాని వీపు నిమురుతూ.

నేను పోయి గది తలుపు వేశాను.