కాలువ పారుతుండగా చేసిన మరమ్మతు

పెనుగొండకు దిగువన మా పిల్లకాలువ మీద లస్కరు చిట్టియ్య ముప్పయ్యేళ్ళుగా తూము తలుపులు ఎత్తుతున్నాడు, దింపుతున్నాడు. అతని గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. నిజానికి నా గురించి రాసుకుందామని కూర్చున్నాను. సగం పేజీ అయ్యేసరికి అతనే వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు.

రెండో పంటైన దాళ్వా చివరికొచ్చేసరికి కాలువలో నీరు చాలదు. పై ఊళ్ళకు కొన్నాళ్ళు, కింది ఊళ్ళకు కొన్నాళ్ళు వంతులు వేస్తారు. ఎవరి వంతు ఎప్పుడో చిట్టియ్య తూము గోడ మీద సుద్దతో రాసేవాడు. నేను గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. పుస్తకాలు పట్టుకు తిరిగినవాళ్ళంతా మా ఊళ్ళో మేష్టార్లే కాబట్టి నేనూ జాషువా మేష్టారినే. ఊరికే కూర్చోలేక, లావుపాటి పుస్తకాలు చదివి కంప్యూటర్ నేర్చుకున్నాను. నీటి సంఘం గదిలో మూలపడి ఉన్న కంప్యూటర్‌కి లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, వంతులు చూపించే వెబ్ పేజీ ఒకటి పెట్టాను. “ఇంకా సుద్దముక్కేంటయ్యా, రైతులు ఫోన్లో చూసుకుంటారు” అని ఆ గోడ దగ్గరుండి కడిగించింది కూడా నేనే. చిట్టియ్య “సరేనండి” అన్నాడు. వంతు మారినప్పుడల్లా ఫోన్ చేసి చెప్పేవాడు, నేను ఎక్కించేవాణ్ణి. మూడేళ్ళు అలా గడిచాయి.

ఈ మార్చిలో ఒక సంగతి నా కంటబడింది. నా పేజీని అందరికీ అందించే వెబ్ సర్వర్ నాలుగేళ్ళ నాటి వెర్షన్. లోకంలో ఎంతో కొత్తవి వచ్చేశాయి. నాకు నామోషీ వేసింది. కాకినాడలో ఒక కంపెనీ సర్వర్లు చూసుకునే మా మేనకోడలు సారికకు ఫోన్ చేశాను.

“ముట్టుకోకు మావయ్యా. నంబరు పాతదే గానీ, లోపల కన్నం పడినప్పుడల్లా ఆ లినక్స్ వాళ్ళే పూడ్చి పంపిస్తుంటారు. వాళ్ళు పంపిందే వేసుకో. బయటినుంచి కొత్తది తెచ్చి పెట్టావంటే ఇక పూచీ వాళ్ళది కాదు, నీది.”

“నా పూచీ మీదే చేస్తానమ్మా.”

“నువ్వా? గ్యాస్ బండకి రెగ్యులేటర్ మార్చాలంటేనే అత్తయ్యని కేకేస్తావు!”

ఆ మాట నన్ను పొడిచింది. మంగళవారం పొద్దున్నే సంఘం గదికి వెళ్ళి, బయటి చోటునుంచి కొత్త వెర్షన్ దింపాను. మధ్యలో తెరమీద పెద్ద పేరా ఒకటి వచ్చింది. దీనికి సరిపడనివి ఫలానా ఫలానా తీసేస్తున్నాం, సరేనా అని దాని సారాంశం. జీవితమంతా చదవడమే పనిగా బతికినవాణ్ణి, ఆ ఒక్క పేరా చదవలేదు. సరేనన్నాను. తీసేసిన వాటిలో నా పేజీని నడిపించే ముక్క ఉంది. కొత్త సర్వర్ నిగనిగలాడుతూ లేచింది, చూపించడానికి దానిదగ్గర ఏమీ లేదు.

సరిగ్గా అప్పుడే చిట్టియ్య ఫోను. “మేష్టారండి, వంతు మారిందండి. శివారుకి శుక్రవారం కాదు, రేపు బుధవారం పొద్దున్నేనండి. ఇదే ఆఖరు తడండి.”

కాలువ చిట్టచివరి శివారంటే నాకు ముందు గుర్తొచ్చేది సంపూర్ణమ్మ. రెండెకరాలు కౌలుకు చేస్తోంది. చేను పాలు పోసుకుంటోంది. ఈ తడి తప్పితే ఆమె నూర్చుకునేది తాలే. శుక్రవారం కదా అని చేలోకి నీళ్ళొచ్చే బోదె మూసుకుని ఉంటుంది. చెబుదామంటే ఆమె నంబరు నా దగ్గర లేదు, చిట్టియ్యను అడగడానికి మొహం చెల్లలేదు. పేజీ ఉండగా నంబర్లెందుకని ఎవరిదీ రాసుకోలేదు మరి. సారికకు ఫోన్ చేస్తే శనివారం దాకా రాలేనంది. పేజీ బాగుచేసి తీరాలని సాయంత్రం దాకా కుస్తీ పట్టి, ఉన్న ఇంకో రెండు ముక్కలు కూడా పోగొట్టాను. ఆమె ఊరు నాలుగు కిలోమీటర్లు. బండేసుకుని వెళ్ళి చెప్పి రావచ్చనే ఆలోచన నాకు మర్నాడు పళ్ళు తోముకుంటుండగా వచ్చింది.

గట్టుమీద బండి తోలాను. చేలో వరి మొదళ్ళ మధ్య నీళ్ళు మెరుస్తున్నాయి. సంపూర్ణమ్మ పారతో బోదె సర్దుతోంది. చిట్టియ్య గట్టుమీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్నాడు.

“రండి మేష్టారూ! నీళ్ళు చూడ్డానికొచ్చారా?” అంది సంపూర్ణమ్మ.

“ఇవాళేనని నీకెలా తెలిసిందమ్మా? పేజీ పోయింది కదా.”

“పోయిందా? ఎప్పుడండి?” అంది నిజంగానే ఆశ్చర్యపోతూ. “నిన్న మన చిట్టియ్యే వచ్చి చెప్పాడండి.”

నేను చిట్టియ్య వైపు తిరిగాను. “పేజీ పోయిందని తెలిసి వచ్చావా?”

“లేదండి. ప్రతి వంతుకీ ముందురోజే వస్తానండి. తలుపెత్తితే సరిపోదు కదండి, బోదెలు తీసున్నాయో లేదో చూడాలి. ఎలాగూ వచ్చినవాణ్ణి చెప్పేసి పోతాను.”

“ఈ మూడేళ్ళూనా?”

“ముప్పయ్యేళ్ళండి.”

“మరి నాతో అనలేదేం?”

“తమరు అంత ముచ్చటపడి పెట్టుకున్నారు కదండి,” అన్నాడు.

దాచుకోవడానికింకేమీ మిగల్లేదు కాబట్టి చేసిన నిర్వాకమంతా చెప్పాను. చిట్టియ్య శ్రద్ధగా విన్నాడు.

“ఉన్నది పనిచేస్తోందాండి?”

“చేస్తోంది.”

“కారుతోందాండి?”

“లేదు.”

“మరి కాలువ పారుతుండగా తలుపెందుకు పీకారండి?”

నేనూ గట్టుమీద కూలబడ్డాను. అతనే అందుకున్నాడు. “మన తూము తలుపు మీద 1931 అని పోత అంకెలుంటాయి చూశారాండి? ఏటా వేసవిలో నీళ్ళాపి కాలువ కట్టేశాక ఓ ఏడు రబ్బరు, ఓ ఏడు బోల్టులు, ఓ ఏడు చెక్క మారుస్తానండి. ఇప్పుడందులో 1931 నాటిదేంటంటే ఆ అంకెలేనండి.”

సారిక ఫోన్లో చెప్పిందీ అదే. చదువుకున్న పిల్ల చెప్తే ఎక్కలేదు నాకు.

“ఊరుకో తమ్ముడూ,” అంది సంపూర్ణమ్మ. “ఆయన పుస్తకాల్లో మనిషి. పాపం, కాలువెప్పుడు కట్టేస్తారో అందులో రాయరు.”

శనివారం దాకా తూము గోడ మీద సుద్దతో రాసినవాణ్ణి నేనే. నా దస్తూరీ బాగోలేదని చిట్టియ్య రెండుసార్లు చెరిపి రాశాడు. శనివారం సారిక వచ్చి, నా కొత్తదనమంతా తుడిచేసి, లినక్స్ వాళ్ళిచ్చిన పాత నంబరే మళ్ళీ ఎక్కించింది. అరగంట పని.

“ఆ పేరా చదివే సరేనన్నావా మావయ్యా?”

“లేదమ్మా.”

“ఊరందరిచేతా పుస్తకాలు చదివించినవాడివి!” అని కాఫీ తాగి వెళ్ళిపోయింది.

ఆదివారం చర్చి మెట్ల దగ్గర సంపూర్ణమ్మ ఎదురైంది. “మేష్టారూ, మీ పేజీ మళ్ళీ వచ్చిందంటగా!”

నాకు ప్రాణం లేచొచ్చింది. “చూశావా అమ్మా?”

“లేదండి. చిట్టియ్య వచ్చి చెప్పాడు.”